రాకుమారి గుట్టు ఎవరి చేతిలో ఉంది? ‘రోమన్ హాలిడే’ ప్రేక్షకుల తెగని వాదం

సినిమా అయిపోవచ్చింది. తెర మీద విలేకరి పాత్ర వేసిన గ్రెగరీ పెక్ చేతులు జేబుల్లో పెట్టుకుని, అందరూ వెళ్లిపోయిన పెద్ద సభామందిరంలోంచి ఒంటరిగా నడిచి వస్తున్నాడు. మా మేనత్త కళ్లజోడు తీసి పైటచెంగుతో తుడుచుకుంటూ, “పిల్ల బుద్ధిగా ఇల్లు చేరింది. అదే పదివేలు” అంది. పక్కనే కూర్చున్న మా అన్నయ్య కూతురు, ఇంజనీరింగు మూడో ఏడాది, మండిపడింది. “ఆ మనిషి పొద్దున్నుంచి రాత్రి దాకా అబద్ధాలే చెప్పాడు నానమ్మా. దొంగచాటుగా ఫోటోలు తీయించాడు. అతని కోసం మనం కళ్లు తుడుచుకోవాలా?” మా బావకు ఈ గొడవ పట్టలేదు. ఆయన సందేహం వేరు. “ఇంతకీ పెళ్లి జరగలేదు. దీన్ని కామెడీ అన్నది ఎవరు?”

1953లో ఈ సినిమా వచ్చినప్పటి నుంచి జనం మధ్య నడుస్తున్న వాదమంతా ఈ మూడు మాటల్లో ఉంది. రాకుమారి తిరిగి వెళ్లడం గెలుపా, ఓటమా? విలేకరి ప్రేమికుడా, మోసగాడా? విడిపోవడంతో ముగిసే కథ ఏ కోవకు చెందుతుంది? క్రిస్మస్ సెలవులు వస్తే చాలు, రాచబిడ్డలు పేరు మార్చుకుని మామూలు మనుషుల్లో కలిసిపోయే ప్రేమకథలు ఓటీటీల్లో వరసకడతాయి. వాటి కింద పోలికకు వచ్చే మొదటి పేరు ఇదే. పోలిక వచ్చిందంటే తగాదా కూడా వస్తుంది.

ఈ తగాదాలో చాలా భాగం అభిరుచికి సంబంధించినది కాదని నా అనుమానం. ఎవరి గుట్టు ఎవరికి ఎప్పుడు తెలిసిందో మనం ఎక్కడి నుంచి లెక్క మొదలుపెడతామో, అభిప్రాయం అక్కడ తేలిపోతుంది. ఆ లెక్క విప్పి చూడాలంటే ముందు కథ కావాలి.

ఒక రాత్రి, ఒక పగలు, ఇంకో రాత్రి

పేరు చెప్పని ఏదో ఐరోపా దేశపు యువరాణి ఆన్ (ఆడ్రీ హెప్‌బర్న్). లండన్, ఆమ్‌స్టర్‌డామ్, పారిస్ తిరిగి రోమ్ చేరుతుంది. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఎవరికి చెయ్యి అందించాలో, ఎక్కడ ఏ రెండు ముక్కలు మాట్లాడాలో కాగితం మీద రాసి ఉంటుంది. విందులో అతిథుల వరస కదులుతుండగా, నేల దాకా జీరాడే గౌను లోపల నొప్పిపుట్టిన కాలికి చెప్పు విప్పుకుంటుంది. చెప్పు పక్కకు దొర్లిపోతుంది. పైన చిరునవ్వు చెదరదు, కింద కాలు చెప్పు కోసం తడుముకుంటూ ఉంటుంది. సినిమా మొత్తం ఆ ఒక్క షాట్‌లో ఉందంటే అతిశయోక్తి కాదు.

ఆ రాత్రి మరుసటి రోజు కార్యక్రమం చదివి వినిపిస్తుంటే ఆమెకు దుఃఖం కట్టలు తెంచుకుంటుంది. వైద్యుడు నిద్రమందు ఇస్తాడు. మందు పనిచేసేలోగా సరుకుల బండి వెనక దాక్కుని బయటపడి, పాత రోమన్ ఫోరం దగ్గర గట్టు మీద నిద్రలోకి జారుకుంటుంది. పేకాటలో డబ్బు పోగొట్టుకుని ఇంటికి వెళుతున్న అమెరికన్ విలేకరి జో బ్రాడ్లీ ఆమెను చూస్తాడు. తాగి పడిపోయిందనుకుంటాడు. అడ్రసు చెప్పలేని మనిషిని వీధిలో వదిలేయలేక, విసుక్కుంటూనే తన ఇరుకు గదికి తీసుకెళతాడు. తెల్లారాక ఆఫీసులో పత్రిక చూసేసరికి గుండె ఆగినంత పనవుతుంది: యువరాణికి అస్వస్థత, కార్యక్రమాలు రద్దు. పక్కనే ఫోటో. ఆ ముఖం ప్రస్తుతం తన గదిలో నిద్రపోతోంది.

ఎవరికీ దొరకని ఇంటర్వ్యూ తెస్తే 5,000 డాలర్లు ఇస్తానని ఎడిటర్ ఒప్పుకుంటాడు. తేలేవని 500 డాలర్ల పందెం కూడా కాస్తాడు. జో అప్పటికే ఆయనకు 500 బాకీ. ఇక ఆ పగలంతా జో తానెవరో చెప్పకుండా ఆమెను రోమ్ అంతా తిప్పుతాడు. ఫోటోగ్రాఫర్ మిత్రుడు ఇర్వింగ్ సిగరెట్ లైటరులో అమర్చిన కెమెరాతో ఫోటోలు తీస్తుంటాడు. రాత్రికి ప్రేమ పుడుతుంది. ఆమె రాయబార కార్యాలయానికి తిరిగి వెళ్లిపోతుంది. జో కథనం రాయడు. మర్నాడు విలేకరుల సమావేశంలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడతారు, ఆమె వేదిక మీద, అతను విలేకరుల వరసలో.

మారువేషం మనకు కొత్త కాదు, ఇక్కడి మెలిక కొత్త

రాజు మారువేషంలో ఊరు చూడటానికి బయలుదేరే కథలు వినకుండా పెరిగిన తెలుగువాళ్లు అరుదు. వాటి నడక మనకు ఇట్టే తెలిసిపోతుంది. వేషం వేసిన వాడికి, కథ వింటున్న మనకు నిజం తెలుసు. ఎదుటివాడికి తెలియదు. తెలిసిన క్షణంలో కాళ్ల మీద పడతాడు, లేదా కత్తి దూస్తాడు. కథకు ఫలితం ఆ బయటపడటంలోనే ఉంటుంది.

విరాటపర్వంలో దీనికి పందెం కూడా తోడయింది. అజ్ఞాతవాసంలో పాండవుల ఉనికి బయటపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవికి పోవాలి. అందుకే బృహన్నల నాట్యం నేర్పుతున్నా, వంటశాలలో వలలుడు గరిటె తిప్పుతున్నా మనకు లోలోపల భయం: ఎవరైనా గుర్తుపడతారేమో.

ఆన్‌ది కూడా అజ్ఞాతవాసమే, గడువు ఏడాది బదులు ఇరవైనాలుగు గంటలు. అయితే ‘రోమన్ హాలిడే’ ఇక్కడ ఒక తిరకాసు పెట్టింది. గుర్తుపట్టేవాడు సగం సినిమా కూడా గడవకముందే గుర్తుపట్టేశాడు. గుర్తుపట్టి, నోరు మూసుకున్నాడు. ఆ క్షణం నుంచి ఆమె వేషం అతని దగ్గర చెల్లదు. ఆమె మాత్రం చెల్లుతోందనే అనుకుంటుంది. అతను వేసిన వేషం ఆమె ఊహకు కూడా అందదు. పేరుకు మారువేషం రాకుమారిది. ఎక్కువసేపు వేషంలో ఉన్నది విలేకరి.

రోమ్‌లోని స్పానిష్ మెట్ల మీద ఐస్‌క్రీమ్ తినే సన్నివేశాన్నీ, ఆ వెంటనే వచ్చే కాఫీ హోటలు సన్నివేశాన్నీ ఈ లెక్కతో చూడండి. (2019 నుంచి ఆ మెట్ల మీద కూర్చుంటే జరిమానా. యువరాణి అయినా కట్టాల్సిందే.) బడి నుంచి పారిపోయి వచ్చానని ఆమె అంటుంది. అబద్ధమని జోకు తెలుసు. తెలియనట్టు, మాస్టారితో గొడవా అన్నట్టు సానుభూతి చూపిస్తాడు. హోటల్లో అతని వ్యాపారం సంగతి అడిగితే ఎరువులు, రసాయనాలు అమ్ముతానంటాడు. ఆమె నమ్ముతుంది. వాళ్ల నాన్న ఉద్యోగంలో చేరి నలభై ఏళ్లయిన సందర్భంలో షాంపేన్ తాగానని ఆమె చెబుతుంది. ఏం పని చేస్తారని అడిగితే, ప్రజా సంబంధాల లాంటిదని తప్పించుకుంటుంది. ఆ పని ఆయనకు నచ్చదట. మరి మానేయవచ్చు కదా అని జో. ఆ పనిలో ఉన్నవాళ్లు ఆరోగ్యానికి ముప్పు వస్తే తప్ప మానరని ఆమె.

ఈ సంభాషణకు నవ్వు మూడు అంతస్తుల్లో వస్తుంది. ఆమె తెలివిగా తప్పించుకుందని ఒకటి. జోకు అన్నీ తెలిసి అమాయకుడిలా అడుగుతున్నాడని రెండోది. ఇద్దరూ పచ్చి అబద్ధాలాడుతూనే, రాచరికం గురించి ఆ సినిమాలో ఎవరూ చెప్పనంత నిజం చెప్పుకుంటున్నారని మూడోది. నవ్వు ఏ అంతస్తులో ఆగిందన్న దాన్ని బట్టి జో మీద అభిప్రాయం మారుతుంది. మొదటి దగ్గర ఆగిన మా మేనత్తకు ముద్దొచ్చే పిల్ల కనిపించింది. రెండో దగ్గర ఆగిన మా అన్నయ్య కూతురికి వేటగాడు కనిపించాడు.

జో మోసగాడా? రెండు పక్షాల వాదన

మోసగాడే అనేవాళ్ల దగ్గర సరుకు బాగానే ఉంది. నిద్రమందు మత్తులో ఉన్న అమ్మాయిని పరాయి మగవాడు తన గదికి తీసుకెళ్లడం నేటి ప్రేక్షకులకు ఇబ్బందిగానే ఉంటుంది. ఆనాటి సినిమా దాన్ని హాస్యంగా చూపించింది. తర్వాత రోజంతా ఆమె అనుమతి లేకుండా ఫోటోలు. మొదటి సిగరెట్ కాల్చడం, స్కూటరు నడిపి వీధంతా బీభత్సం చేయడం, పోలీస్ స్టేషను, డ్యాన్సు పడవ మీద రాజభటులతో కొట్లాట, అన్నీ ఫిల్ము మీదకు ఎక్కాయి. వెంటపడి ఫోటోలు తీసేవాళ్లను ప్రపంచమంతా పిలిచే ‘పాపరాజీ’ అనే మాట 1960లో వచ్చిన ఒక ఇటాలియన్ సినిమాలోని ఫోటోగ్రాఫర్ పాత్ర పేరు నుంచి పుట్టింది. ఆ కథ జరిగేదీ రోమ్‌లోనే. మాట పుట్టడానికి ఏడేళ్ల ముందే పని తెర మీదకు వచ్చిందన్నమాట.

ఇంకో పక్షం వాళ్లు అడిగేది ఇది: అతను చివరికి ఏం చేశాడు? గదిలో ఆమెను తాకలేదు. తన మంచం మీద పడుకుంటే పక్కనున్న సోఫా మీదకు దొర్లించాడు, మూట దింపినట్టు. 5,000 డాలర్లు కాళ్ల దగ్గరకు వచ్చినా వదులుకున్నాడు. పందెం ఓడి పాత బాకీ మీద ఇంకో 500 నెత్తిన వేసుకున్నాడు, మొత్తం 1,000. ఆనాటి లెక్క తెలియాలంటే, పొద్దున ఆమెకు ఖర్చులకని ఇచ్చిన 1,000 లీరాలు డాలరున్నర మాత్రమే. అద్దె కట్టలేక ఇంటి యజమానిని తప్పించుకు తిరిగే మనిషి, న్యూయార్క్ వెళ్లిపోవడానికి దొరికిన ఒక్క దారినీ తన చేత్తోనే మూసేసుకున్నాడు. గుట్టు రట్టు చేయడం వృత్తి అయినవాడు గుట్టు దాచాడు. కథ బరువంతా అక్కడే ఉందంటారు వీళ్లు.

ఇద్దరి మాటా నిజమే కావడం ఈ సినిమాలో నాకు నచ్చే సంగతి. దర్శకుడు విలియం వైలర్ జో మనసు ఎప్పుడు మారిందో చూపించనే లేదు. ఇక్కడే అని వేలు పెట్టి చెప్పలేం. కోరికలు తీర్చే గోడ దగ్గరా? టైబర్ నదిలో దూకి ఒడ్డుకు చేరి తడిబట్టలతో ముద్దు పెట్టుకున్నప్పుడా? గదికి తిరిగొచ్చాక జో ఏదో చెప్పబోతాడు. ఆమె వద్దని ఆపేస్తుంది. ఒప్పుకోబోయాడని ఒకరు, ప్రేమ సంగతి చెప్పబోయాడని మరొకరు పట్టుబడతారు. సినిమా ఎవరి పక్షమూ వహించదు.

ఒక్కచోట మాత్రం కథే వీళ్లను విచారణకు నిలబెడుతుంది. పోలీస్ స్టేషనులో పెళ్లి చేసుకోబోతున్నామని బొంకి బయటపడ్డాక, తాను కూడా బాగా అబద్ధాలాడగలనని ఆన్ మురిసిపోతుంది. ఇంత గొప్పగా ఆడేవాళ్లను చూడలేదని జో అంటాడు, అని వెంటనే ఒక చోటికి తీసుకెళతాడు. సాంతా మరియా ఇన్ కోస్మెదిన్ చర్చి వసారాలో గోడకు ఆనించి పెద్ద రాతి ముఖం ఉంటుంది, నోరు తెరుచుకుని. దాన్ని ‘సత్యపు నోరు’ అంటారు. అబద్ధాలకోరు చెయ్యి పెడితే కొరికేస్తుందని స్థానికుల నమ్మిక. ఆన్ చెయ్యి నోటి అంచు దాకా పోతుంది. వేళ్లు ముడుచుకుంటాయి. పెట్టలేక వెనక్కి తీసేసుకుంటుంది. నువ్వు పెట్టు అంటుంది. జో ముఖంలో కూడా ఒక్క క్షణం తడబాటు. మెల్లగా పెడతాడు. మరుక్షణం కెవ్వున అరుస్తాడు. ఆమె అరుస్తూ అతని నడుము పట్టుకుని వెనక్కి లాగుతుంది. బయటికొచ్చిన చొక్కా చేతిలో చెయ్యి లేదు.

చేతిని చొక్కా లోపలికి లాక్కుంటానని పెక్ ఆడ్రీ హెప్‌బర్న్‌కు ముందు చెప్పలేదని, ఆ కేక నటన కాదని సినిమావాళ్లు చెప్పుకునే సంగతి ప్రసిద్ధమే. అంతకంటే తక్కువ మందికి తెలిసినది ఇంకొకటి. ఈ పాత్ర హెప్‌బర్న్‌కు దక్కడానికి కారణమైన స్క్రీన్ టెస్టులో, ‘కట్’ చెప్పాక కూడా కెమెరా ఆపకుండా తిప్పారు. అయిపోయిందనుకుని ఆమె మంచం మీద లేచి కూర్చుని నవ్వుతూ కబుర్లు చెప్పిన ముక్క చూసే వైలర్ ఆమెను ఎంచుకున్నాడు. అంటే ఆన్ కన్నా ముందే ఆడ్రీ లైటరు కెమెరాకు చిక్కింది. జోను తప్పుబట్టేవాళ్లు దీన్ని తమ పద్దులో వేసుకోవచ్చు.

పెళ్లి లేనిది కామెడీ ఎలా అయింది

ఇక మా బావ సందేహం. రొమాంటిక్ కామెడీ అంటే వాడుకలో మనకు తెలిసిన సూత్రం ఇది: ఇద్దరు కలుస్తారు, నవ్వు పుట్టించే అడ్డంకి ఒకటి ఉంటుంది, అది తొలగి ఒకటవుతారు. అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2008లో ప్రకటించిన పది ఉత్తమ రొమాంటిక్ కామెడీల్లో ‘రోమన్ హాలిడే’కు నాలుగో స్థానం ఇచ్చారు. సూత్రానికి మాత్రం ఇది లొంగదు. అడ్డంకి తొలగదు, వాళ్లు ఒకటవరు.

తేడా తెలియడానికి దీని పక్కన 1934 నాటి ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’ను పెట్టి చూడవచ్చు. హిందీలో 1956లో రాజ్ కపూర్, నర్గిస్ నటించిన ‘చోరీ చోరీ’కి మూలం అదే. అందులోనూ పెద్దింటి అమ్మాయి పారిపోతుంది, విలేకరి ఎదురవుతాడు, వార్త కోసమే వెంట తిరుగుతాడు. చివరికి తండ్రి ఒప్పుకుంటాడు, పెళ్లవుతుంది. కోటీశ్వరుడి కూతురు డబ్బు వదిలేస్తే మామూలు మనిషి అయిపోతుంది. కిరీటం అలా కాదు. అది ఆస్తి కన్నా ఉద్యోగానికి దగ్గర, రాజీనామా కుదరని ఉద్యోగం. అందుకే మొదటి కథలో అడ్డంకి తండ్రి, రెండో కథలో అడ్డంకి దేశం. తండ్రిని నవ్వించి ఒప్పించవచ్చు.

అయితే ఆమె ఎందుకు తిరిగి వెళ్లింది? ఇక్కడ అభిప్రాయాలు గట్టిగా చీలిపోతాయి. వ్యవస్థ ఆమెను మళ్లీ మింగేసిందని, స్వేచ్ఛ రుచి చూపించి పంజరంలోకి తోలే కథ ఇదని ఒక వాదం. ఆడపిల్ల కోరిక కన్నా కుటుంబ ధర్మమే గొప్పదని చాటుతోందని వీళ్ల కోపం. మా మేనత్త మెచ్చుకున్నదీ సరిగ్గా అందుకే. ఒకే కారణానికి ఒకరు చప్పట్లు, ఒకరు చీవాట్లు.

కానీ తిరిగి వెళ్లాక ఏం జరిగిందో ఇద్దరూ సరిగా చూడరని నాకనిపిస్తుంది. వెళ్లే ముందు జో గదిలో రేడియో పెడితే, యువరాణి అనారోగ్యం గురించి తన దేశ ప్రజలు ఆందోళన పడుతున్నారన్న వార్త వస్తుంది. ఆమెను కదిలించింది ఆ వార్త. ఎవరూ వచ్చి లాక్కుపోలేదు. రాయబారి కర్తవ్యం గుర్తుచేయబోతే, కర్తవ్యం తెలియకపోతే ఈ రాత్రే కాదు, ఎప్పటికీ తిరిగి వచ్చేదాన్ని కాదని ఎదురు చెబుతుంది. ముందటి రాత్రి ఇచ్చిన పాలూ బిస్కెట్లూ వద్దని పంపేస్తుంది. పరివారాన్ని ఇక వెళ్లమంటుంది. గొంతులో ఇరవైనాలుగు గంటల కిందటి పిల్ల లేదు. మర్నాడు ఏ నగరం బాగా నచ్చిందని విలేకరులు అడిగితే, ప్రతి నగరానికీ దాని ప్రత్యేకత ఉందనే అరగదీసిన జవాబు మొదలుపెట్టి, మధ్యలో ఆపి, రోమ్ అంటుంది. పక్కనున్నవాళ్లు ఉలిక్కిపడతారు. కాగితం మీద లేని మొదటి మాట అది.

వెళ్లింది పాత గదికే, వెళ్లిన మనిషి పాత మనిషి కాదు. దీన్ని గెలుపు అనాలో, పంజరానికి అలవాటు పడటం అనాలో చెప్పడానికి ఈ ఆధారాలు చాలవనే వాళ్లున్నారు. వాళ్ల మాటా కొట్టిపారేయలేను.

ఆనాటి ప్రేక్షకులకు ఇంకో కారణం కూడా ఉంది. 1953 జూన్‌లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం రోజున ఆమె చెల్లెలు మార్గరెట్, టౌన్‌సెండ్ అనే సైనికాధికారి కోటు మీది నూలుపోగును చేత్తో తీసేయడం విలేకరుల కళ్లలో పడింది. అతను విడాకులు తీసుకున్నవాడు. వాళ్ల పెళ్లి గొడవ పత్రికలకెక్కింది. రెండు నెలలకు ఈ సినిమా విడుదల. చిత్రీకరణ 1952 వేసవిలోనే జరిగిపోయింది కనుక ఇది కాకతాళీయమే, అయినా జనం ఒకదాంట్లో మరొకటి చూసుకున్నారు. 1955 అక్టోబరు 31న మార్గరెట్ ఆ పెళ్లి చేసుకోబోవడం లేదని ప్రకటించింది. ఆన్ ముందే చెప్పేసినట్టయింది.

రోమ్ మరీ అందంగా ఉందన్న ఫిర్యాదు

ఇది చిన్న తగాదా, తొందరగా తేల్చేయవచ్చు. యుద్ధం ముగిసి ఏడెనిమిదేళ్లే అయింది. సైకిలు పోతే బతుకు పోయే కూలివాడి కథ ‘బైసికిల్ థీవ్స్’ను 1948లో ఇవే వీధుల్లో తీశారు. హాలీవుడ్ మాత్రం అక్కడికి వెళ్లి ఫౌంటెన్లు, మెట్లు, స్కూటర్లు చూపించి వచ్చిందని ఇటాలియన్ సినిమా ఎరిగినవాళ్ల ఆక్షేపణ. నిజమే. కానీ ఇది సెలవు మీద వచ్చిన మనిషి కళ్లతో చూసిన రోమ్. ఆ కళ్లకు అద్దె కట్టలేని జో, జేబు తడుముకునే ఇర్వింగ్ కనిపిస్తూనే ఉన్నారు, ఇద్దరూ అమెరికన్లే అయినా.

టైటిల్ కార్డులో ఇంకో మారువేషం

ఈ సినిమాలో అందరికన్నా ఎక్కువ కాలం మారువేషంలో ఉన్న మనిషి తెర మీద కనిపించడు.

1947లో అమెరికా కాంగ్రెసు కమిటీ ఒకటి హాలీవుడ్‌లో కమ్యూనిస్టులెవరో తేల్చడానికి విచారణ పెట్టింది. నువ్వు పార్టీ సభ్యుడివా అన్న ప్రశ్నకు జవాబివ్వని పదిమందిలో రచయిత డాల్టన్ ట్రంబో ఒకడు. కాంగ్రెసు ధిక్కారం కింద 1950లో జైలుకు వెళ్లాడు. స్టూడియోలు అతని పేరుతో ఏదీ కొనవు. కనుక ఈ కథను మిత్రుడు ఇయాన్ మెక్‌లెలన్ హంటర్ పేరు మీద అమ్మాడు. మన భాషలో చెప్పాలంటే బినామీ. సినిమాకు పది ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, మూడు గెలిచింది: ఉత్తమ నటిగా హెప్‌బర్న్, దుస్తులకు ఈడిత్ హెడ్, ఉత్తమ కథకు హంటర్. తనది కాని బహుమతిని హంటర్ భద్రపరచవలసి వచ్చింది. కొన్నాళ్లకు అతనూ నిషేధ జాబితాకెక్కాడు.

ట్రంబో 1976లో చనిపోయాడు. 1993లో అకాడమీ ఆ కథా బహుమతిని అతని పేరిట భార్యకు అందజేసింది. స్క్రీన్‌ప్లేలో అతని వాటాను రచయితల సంఘం 2011లో గుర్తించింది. అజ్ఞాతవాసం అరవై ఏళ్లకు దగ్గరపడింది.

ఈ సంగతి తెలిశాక కొందరు విమర్శకులు సినిమాను మళ్లీ చూసి కొత్త అర్థం చెప్పారు. తెలిసిన పేర్లు చెప్పేస్తే ఉద్యోగం నిలుస్తుంది, నోరు విప్పకపోతే అన్నీ పోతాయి అన్న కాలంలో, ఎదుటి మనిషి గుట్టు అమ్ముకుంటే 5,000 డాలర్లు వస్తాయని తెలిసి కూడా నోరు కట్టుకున్నవాడి కథ ఇది అని. ఇది రచయిత ఉద్దేశమేనా అన్నది వేరే ప్రశ్న. కథను చాలా చేతులు తిరగరాశాయి, వైలర్‌కు తన లెక్కలు ఉన్నాయి. ఐస్‌క్రీమ్ తిన్న పిల్ల మీద రాజకీయం రుద్దడం ఎందుకని విసుక్కునేవాళ్ల తరఫున కూడా ఒక మాట చెప్పాలి: ఈ సంగతులేవీ తెలియకుండానే కోట్లమంది ఈ సినిమాను ప్రేమించారు. అయినా ఒకసారి తెలిశాక, విలేకరుల సమావేశం మునుపటిలా కనిపించదు.

పాలాజ్జో కొలొన్నా అనే పాత సౌధంలో తీశారు ఆ దృశ్యాన్ని. ఆన్ తెల్లని దుస్తుల్లో వచ్చి వేదిక మీద నిలబడుతుంది. విలేకరుల్లో ఎరువుల వ్యాపారి. ఆమె ముఖంలో ఒక్క నరం కదలదు, కళ్లు తప్ప. దేశాల మధ్య స్నేహం గురించి ఎవరో అడిగితే, మనుషుల మధ్య స్నేహాన్ని నమ్మినట్టే దాన్నీ నమ్ముతున్నానంటుంది. మా వార్తాసంస్థ తరఫున చెబుతున్నాను, ఆ నమ్మకం వమ్ము కాదు అంటాడు జో. అందరికీ అది మర్యాద మాట. ఇద్దరికి మాత్రం ఒప్పందం. ఫోటోల సమయంలో ఇర్వింగ్ జేబులోంచి లైటరు తీసి క్లిక్‌మనిపిస్తాడు. నిన్న రోజంతా ఆ లైటరు ఏం చేసిందో ఆమెకు అప్పుడు అర్థమవుతుంది. తర్వాత ఆమె వేదిక దిగి విలేకరుల వరస దగ్గరకు వస్తుంది. రోమ్ జ్ఞాపకంగా ఉంచుకోమని ఇర్వింగ్ ఒక కవరు చేతిలో పెడతాడు. లోపలి ఫోటో అంచు కాస్త లాగి చూసి, కృతజ్ఞతలు చెప్పి, మరో విలేకరి వైపు కదులుతుంది.

మా ఇంట్లో ఈ చోట సినిమాను మూడుసార్లు వెనక్కి తిప్పారు. అన్నం చల్లారిపోతోందని వంటింట్లోంచి కేకలు. మా అన్నయ్య కూతురు తెరకు దగ్గరగా జరిగి ఆ కవరు వైపే చూస్తూ అడిగింది: “అన్నీ ఇచ్చేశాడా? ఒక్కటైనా తన దగ్గర ఉంచుకుని ఉండడా?” మా మేనత్త కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. “ఉంచుకుంటే మాత్రం ఏం? ఎవరికీ చూపించడులే” అంది.